పెరటి నేలకు కప్పు: కామారెడ్డి, ఎల్లారెడ్డిలో నూరేళ్ల మార్పు

మొక్కల పాదుల్లో ఎండుటాకో గడ్డో పరిచి తేమను కాపాడే పనిని ఇప్పుడు మల్చింగ్ అంటున్నాం. అందుకోసం ప్లాస్టిక్ షీట్లు కొనేవాళ్లూ ఉన్నారు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతంలో మాత్రం ఈ కప్పు డబ్బుతో కొనాల్సిన సరుకు కాదు. అది దొరికే చోటు మాత్రం కాలంతో పాటు మారుతూ వచ్చింది.

పాతకాలంలో పెరటి మొక్కకు దక్కింది ఆకు మాత్రమే. వాకిలి ఊడ్చిన వేపాకు, కానుగాకు కొంత చెట్ల మొదళ్లకు చేరేది, మిగిలింది పెంటకుప్పలో పడేది. వరిగడ్డి, జొన్నచొప్ప మొక్కలకు మిగిలేవి కావు. ఎడ్లకు, బర్రెలకు ఏడాది పొడవునా అదే మేత. గుడిసెల కప్పుకూ గడ్డే కావాలి.

సాగునీటితో పరిస్థితి మారడం మొదలైంది. 1922లో పోచారం చెరువు, 1931లో మంజీరపై నిజాంసాగర్ పూర్తయ్యాయి. వరి, చెరకు విస్తరించాయి. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది, కామారెడ్డి బెల్లం మార్కెట్‌కు పేరొచ్చింది. వరిగడ్డి పెరిగినా గడ్డివాములకే చేరింది. చెరకు నరికాక మిగిలే ఎండుటాకును మాత్రం పశువులు పెద్దగా ముట్టవు. ఎకరాకు టన్నుకు పైగా ఆ చెత్తను చాళ్లలో పరిస్తే తేమ నిలుస్తుందని, పీకపురుగు బెడద తగ్గుతుందని వ్యవసాయ శాస్త్రవేత్తలు సిఫారసు చేశారు.

ఇదే కాలం నుంచి బయట ప్రపంచమూ ఈ దిశగా ఆలోచిస్తూ వచ్చింది. ఇండోర్‌లో పనిచేసిన వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవార్డ్ 1931లో పంట వ్యర్థాలను ఎరువుగా మార్చే పద్ధతిని పుస్తకంగా వెలువరించాడు. జపాన్ రైతు మసనోబు ఫుకువోకా కోసిన గడ్డిని తిరిగి పొలంలోనే పరిచాడు. చాలా కాలం తర్వాత సుభాష్ పాలేకర్ చేసిన ప్రకృతి సాగు ప్రచారంతో ఈ కప్పుకు ఆచ్ఛాదన అన్న పేరు తెలుగు రైతులకు పరిచయమైంది.

అసలు మలుపు యంత్రాలతో వచ్చింది. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు తగ్గాయి. హార్వెస్టర్ వచ్చాక గడ్డి పొలంలోనే చెదిరిపోయింది. వానాకాలం కోతకూ యాసంగి నాటుకూ మధ్య వ్యవధి తక్కువ కావడంతో దానికి నిప్పు పెట్టడం అలవాటైంది. టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ ఉంటాయి. కాలిస్తే నత్రజని దాదాపు మొత్తం పొగలో పోతుంది. ఇప్పుడు బేలర్లు గడ్డిని కట్టలు కడుతుండటంతో దానికి ధర వచ్చింది. అయినా కట్టని పొలాల్లో, గట్ల పక్కన మిగిలిన గడ్డిని రైతును అడిగితే చాలాసార్లు ఊరికే తీసుకోనిస్తారు.

గడ్డి ఒక్కటే కాదు. మక్కలు పట్టిన కళ్లాల దగ్గర పొట్టు, బెండ్లు, సోయా నూర్చిన చోట పొట్టు మిగులుతాయి. రైస్‌మిల్లు ఊక తేలిక, గాలికి లేస్తుంది కాబట్టి పశువుల ఎరువుతో కలిపి వేయాలి. రంపపు పొట్టును మట్టిలో కలిపితే అది కుళ్లేటప్పుడు నత్రజనిని లాక్కుంటుంది, పైన పలుచగా చల్లితే చాలు. 2015లో మొదలైన హరితహారం మొక్కల పెంపకం కార్యక్రమంలో నాటిన చెట్ల కింద రాలే ఆకు కూడా వాడుకోవచ్చు.

పరిచే తీరు తేలికే. ముందు కలుపు తీసి పాదు తడపాలి. గడ్డిని మూడు నాలుగు అంగుళాల మందాన వేసి, కాండం చుట్టూ రెండు మూడంగుళాలు ఖాళీ వదలాలి. కాండానికి ఆనిస్తే కుళ్లు పడుతుంది. చల్క నేలల్లో చెదలు పట్టే అవకాశం ఉంది, వారానికోసారి గడ్డి ఎత్తి చూడాలి. గింజ మిగిలిన గడ్డి వేస్తే కొత్త కలుపు మొలుస్తుంది.

పెరడున్న వాళ్లు హార్వెస్టర్ దిగిన రోజే రైతును పలకరించి రెండు మూటల గడ్డి అడగండి. వాకిలి ఊడ్చిన ఆకుకు అగ్గిపుల్ల గీయకండి. నూరేళ్లుగా ఈ నేల పండించిన చెత్త తిరిగి ఈ నేలకే చెందాలి.