యుద్ధకాలపు అధ్యక్షుడు, చీలిన ప్రజాభిప్రాయం: ఉత్తరాది దృష్టిలో లింకన్, 1861–65

1860 నవంబరు 6న జరిగిన అమెరికా అధ్యక్ష ఎన్నికలో అబ్రహాం లింకన్‌కు పోలైన ఓట్లలో 40 శాతం కూడా రాలేదు. దక్షిణాదిలోని పది రాష్ట్రాల్లో ఆయన పేరిట ఒక్క ఓటూ నమోదు కాలేదు, ఆయన పుట్టిన కెంటకీలో దక్కినవి 1,364 మాత్రమే. అయినా రాష్ట్రాలవారీగా లెక్కకు వచ్చే ఎలక్టోరల్ ఓట్లు 303లో 180 ఆయనకు రావడంతో గెలుపు చట్టబద్ధమైంది. ఆ గెలుపును బానిసత్వానికి ముప్పుగా భావించిన ఏడు రాష్ట్రాలు 1861 మార్చి 4న ఆయన ప్రమాణ స్వీకారం చేసేనాటికే సమాఖ్య నుంచి విడిపోతున్నట్టు ప్రకటించాయి; ఏప్రిల్ 12న సమాఖ్య సైన్యం అధీనంలోని ఫోర్ట్ సమ్టర్ మీద ఫిరంగులు పేలి, లింకన్ 75,000 మంది సైనికుల కోసం పిలుపునిచ్చాక మరో నాలుగు రాష్ట్రాలు వాటితో చేరాయి. దక్షిణాది ఆయనను ఎందుకు ద్వేషించిందో వివరించడానికి పెద్ద శ్రమ అక్కరలేదు. చరిత్రకారుణ్ణి ఆగి ఆలోచించేలా చేసేది మరొకటి ఉంది: సమాఖ్యలోనే నిలిచి, తమ బిడ్డలను దాని సైన్యంలోకి పంపిన ఉత్తరాది, సరిహద్దు రాష్ట్రాల ప్రజలే నాలుగేళ్లపాటు ఆయన విషయంలో నిలువునా చీలిపోయారు, ఒకే ఊళ్లో ఒకరికి ఆయన రాజ్యాంగ రక్షకుడు, పక్కింటివారికి నియంత, మూడో ఇంటివారికి తెగువ చాలని నాయకుడు.

ఈ చీలిక మూలాలు లింకన్ స్వభావంలో కంటే ఆయన నిర్వహించిన పదవి నిర్మాణంలోనూ, సాగుతున్న యుద్ధానికి లక్ష్యమే నడుమ మారిపోవడంలోనూ ఎక్కువగా కనిపిస్తాయి. బ్రిటన్‌లో సింహాసనం ఒకరిది, మంత్రివర్గం మరొకరిది కాబట్టి ప్రధానమంత్రిని తూర్పారబట్టినవాడు కూడా రాజభక్తుడిగానే చలామణి కాగలడు. అమెరికా రాజ్యాంగం దేశాధినేత, సర్వసైన్యాధ్యక్షుడు, పరిపాలనాధిపతి అనే మూడు హోదాలనూ ఒకే మనిషికి కట్టబెట్టింది. పార్టీ వ్యవస్థ ఆ మనిషినే ఒక వర్గానికి నాయకుణ్ణి చేసింది. అందువల్ల లింకన్ విధానాన్ని తప్పుబట్టడం దేశద్రోహమని ఆయన పార్టీవారైన రిపబ్లికన్లకు, దేశం పేరిట ఆయన పార్టీ ప్రయోజనాన్ని నడుపుతున్నాడని డెమొక్రాట్లకు అనిపించడానికి అవకాశం మొదటినుంచీ ఉంది. దీనికి తోడు అక్కడి ఎన్నికలు యుద్ధం కోసం ఆగవు. ప్రతినిధుల సభకు రెండేళ్లకొకసారి, గవర్నర్ పదవులకు రాష్ట్రానికొక గడువున పోలింగు జరుగుతూనే ఉండటంతో, మృతుల, క్షతగాత్రుల పేర్లు పత్రికల్లో చదువుతూనే పౌరుడు అధ్యక్షుడి మీద తీర్పు చెప్పవలసి వచ్చింది.

తొలి నెలల్లో కనిపించిన ఏకాభిప్రాయం నిజమైనదే కానీ ఇరుకైనది. అధ్యక్ష ఎన్నికలో లింకన్ చేతిలో ఓడిన ఉత్తరాది డెమొక్రాట్ స్టీఫెన్ డగ్లస్ సమ్టర్ దాడి తర్వాత ఆయనకు బాహాటంగా మద్దతు పలికాడు, జూన్ 3న మరణించేవరకు ఆ మాట మీదే నిలిచాడు. 1861 జులైలో ప్రతినిధుల సభ దాదాపు ఏకగ్రీవంగా ఆమోదించిన క్రిటెండెన్ తీర్మానం ఈ యుద్ధం సమాఖ్యను నిలబెట్టడానికే తప్ప రాష్ట్రాల సంస్థలను, అంటే బానిసత్వాన్ని, కూలదోయడానికి కాదని స్పష్టం చేసింది. లక్షలాది డెమొక్రాట్లు ఆ షరతు మీదనే తుపాకి పట్టారు. ఆరు నెలలు తిరగకముందే, డిసెంబరులో, అదే సభ ఆ తీర్మానాన్ని మళ్లీ ధ్రువీకరించడానికి నిరాకరించింది. తరువాతి కాలపు కలహాలన్నింటికీ ఈ నిరాకరణను నాందిగా చూడవచ్చు.

లక్ష్యం మీద గొడవ ముదరకముందే సాధనం మీద గొడవ మొదలైంది. 1861 ఏప్రిల్ 19న రాజధానికి వెళుతున్న మసాచుసెట్స్ దళంపై బాల్టిమోర్‌లో గుంపు దాడి చేశాక, వాషింగ్టన్‌కు దారి తెగిపోతుందన్న భయంతో లింకన్ ఆ మార్గం పొడవునా హేబియస్ కార్పస్ హక్కును నిలిపివేసే అధికారం సైన్యానికి ఇచ్చాడు. నిర్బంధంలో ఉన్న మనిషిని న్యాయస్థానం ఎదుట నిలబెట్టి, నిర్బంధానికి కారణం చూపమని ఆదేశించే రిట్ అది. తిరుగుబాటు వేళ, దండయాత్ర వేళ దాన్ని నిలిపివేయవచ్చునని రాజ్యాంగం చెబుతుంది కానీ ఎవరు నిలిపివేయాలో చెప్పదు. ఆ వాక్యం ఉన్నది మాత్రం కాంగ్రెసు అధికారాలను వివరించే మొదటి అధికరణంలో. మేరీలాండ్‌కు చెందిన జాన్ మెరీమన్‌ను సైన్యం నిర్బంధించినప్పుడు, అధ్యక్షుడికి ఈ అధికారం లేదని ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ తీర్పు రాశాడు, లింకన్ దాన్ని పాటించలేదు. 1857లో నల్లజాతివారు అమెరికా పౌరులు కాజాలరని డ్రెడ్ స్కాట్ కేసులో తీర్పిచ్చినవాడు ఈ టానీయే కావడంతో, న్యాయసూత్రం ఎంత గట్టిదైనా చెప్పిన నోరు రిపబ్లికన్లకు నమ్మదగ్గదిగా తోచలేదు. జులై 4న కాంగ్రెసుకు పంపిన సందేశంలో లింకన్, ఒక్క చట్టం చెడకుండా చూడబోయి మిగిలిన చట్టాలన్నీ అమలు కాకుండా పోనివ్వాలా అన్న ధోరణిలో సమాధానం చెప్పుకున్నాడు.

ఆ యుద్ధకాలంలో కనీసం 14,000 మంది పౌరులు సైన్యం చేతుల్లో నిర్బంధానికి గురయ్యారని చరిత్రకారుడు మార్క్ నీలీ అంచనా. వారిలో అధికులు సరిహద్దు రాష్ట్రాలకో దక్షిణాదికో చెందినవారనీ, రాజకీయ విమర్శ చేసినందుకు జైలుపాలైనవారి సంఖ్య ప్రచారంలో ఉన్నంత పెద్దది కాదనీ కూడా ఆయనే తేల్చాడు. అయితే ప్రజాభిప్రాయం సంఖ్యల కంటే పేరుపొందిన కేసుల మీద నిలుస్తుంది. ఒహాయోకు చెందిన మాజీ ప్రతినిధి క్లెమెంట్ వలాండిగం యుద్ధాన్ని ఖండిస్తూ ఉపన్యసించినందుకు జనరల్ బర్న్‌సైడ్ 1863 మే 5న రాత్రివేళ సైనికులను ఇంటిమీదికి పంపి పట్టించి, సైనిక న్యాయస్థానంలో విచారణ జరిపించాడు. చిక్కులో పడ్డ లింకన్ శిక్షను బహిష్కారంగా మార్చి అతణ్ణి దక్షిణాది సైన్యానికి అప్పగింపజేశాడు. ఆల్బనీ డెమొక్రాట్ల నిరసనకు బదులుగా రాసిన బహిరంగ లేఖలో, పారిపోయిన అమాయకపు సైనికుడిని కాల్చి చంపవలసి వస్తున్నప్పుడు అతణ్ణి పురిగొల్పిన మాటకారిని ముట్టుకోకూడదా అని ప్రశ్నించాడు. వాదం చురుకైనదే. కానీ దాన్ని అంగీకరిస్తే యుద్ధకాలంలో ఏ విమర్శకూ రక్షణ మిగలదన్న డెమొక్రాట్ల ఆక్షేపణకు అందులో పూర్తి సమాధానం లేదు. వలాండిగం కెనడా చేరి, అక్కడినుంచే ఒహాయో గవర్నర్ పదవికి పోటీ చేసి, ఆ అక్టోబరులో సుమారు లక్ష ఓట్ల తేడాతో ఓడిపోయాడు. అయినా అతనికి పడిన ఓట్లు వేలల్లో కాదు, లక్షల్లో ఉన్నాయి.

ఇంతకన్నా లోతైన గీత గీసింది విమోచన ప్రకటన. ఆంటీటం యుద్ధం ముగిసిన అయిదు రోజులకు, 1862 సెప్టెంబరు 22న, తిరుగుబాటులో కొనసాగే ప్రాంతాల్లోని బానిసలు 1863 జనవరి 1 నుంచి స్వతంత్రులని లింకన్ ప్రకటించాడు. సర్వసైన్యాధ్యక్షుడిగా శత్రువు బలాన్ని తగ్గించే యుద్ధచర్యగానే దానికి చట్టబలం దొరికింది కాబట్టి, సమాఖ్యను వీడని నాలుగు బానిస రాష్ట్రాలకు, అంటే డెలావేర్, మేరీలాండ్, కెంటకీ, మిజోరీలకు, అది వర్తించలేదు. బానిసత్వ నిర్మూలనవాదులకు ఇది అరకొర పనిగా కనబడింది. పైగా ఆ ఆగస్టులోనే లింకన్ నల్లజాతి ప్రతినిధులను పిలిపించి, మీరు వేరే దేశానికి వలసపోతే ఉభయులకూ మేలని చెప్పి ఉండటం వారు మరచిపోలేదు. డెమొక్రాట్లకు మాత్రం ఇది 1861 జులై నాటి మాట తప్పడం. తమ కొడుకులను సమాఖ్య కోసం పంపామే కానీ నల్లవారి కోసం కాదన్నది వారి వాదన. ఆ వాదన కింద రాజ్యాంగ చింతన ఎంత ఉందో జాతి ద్వేషం అంతకు తక్కువ లేదు.

లింకన్ సొంత రాష్ట్రమైన ఇల్లినాయ్‌లోనే దీనికి రుజువు దొరుకుతుంది. నల్లజాతివారు రాష్ట్రంలోకి వచ్చి స్థిరపడకుండా నిషేధించే నిబంధనకు అక్కడి ఓటర్లు 1862 జూన్‌లో పెద్ద ఆధిక్యంతో ఆమోదం తెలిపారు. విముక్తులైన బానిసలు గుంపులుగా ఉత్తరాదికి వచ్చి కూలిరేట్లు పడగొడతారన్న ప్రచారం ఆ శరదృతువు ఎన్నికల్లో ఊరూరా సాగింది. న్యూయార్క్‌లో హొరేషియో సీమోర్, న్యూజెర్సీలో జోయెల్ పార్కర్ డెమొక్రాటిక్ గవర్నర్లుగా గెలిచారు; లింకన్ సొంత ఊరైన స్ప్రింగ్‌ఫీల్డ్ ప్రాంతపు స్థానంలోనైతే ఆయన మిత్రుడు లెనార్డ్ స్వెట్‌ను ఓడించిన డెమొక్రాట్ ఒకప్పుడు లింకన్‌తో కలిసి వకాలత్ చేసిన జాన్ టాడ్ స్టువర్ట్. అధ్యక్షుణ్ణి ఎరగనివారే ఆయనను అపార్థం చేసుకున్నారన్న సులువైన వివరణ ఇక్కడ పనికిరాదు. దగ్గరగా ఎరిగినవారే ఆయనతో విభేదించారు. రిపబ్లికన్లు మిత్రుల సాయంతో సభను నిలుపుకున్నారు గనుక ఈ ఫలితాన్ని తిరస్కారం అనడం అతిశయోక్తి అవుతుంది. యుద్ధం ముగిసేలోగా సుమారు 1,80,000 మంది నల్లజాతివారు సమాఖ్య సైన్యంలో పనిచేశారు; వారు చేరడం మొదలయ్యాక వాదన కొంత మారింది. 1863 ఆగస్టులో స్ప్రింగ్‌ఫీల్డ్ సభకు రాసి పంపిన లేఖలో లింకన్, మీరు వారి కోసం పోరాడనంటున్నారు, వారిలో కొందరు మీ కోసం పోరాడుతున్నారు అన్న అర్థం వచ్చేలా ఎత్తిపొడిచాడు.

రాజ్యాంగ చర్చలు పట్టనివారి గడపలోకి కూడా యుద్ధాన్ని తెచ్చింది నిర్బంధ సైనిక సేవ (డ్రాఫ్ట్). 1863 మార్చి 3 చట్టం ప్రకారం 20 నుంచి 45 ఏళ్లలోపు పురుషుల పేర్లు లాటరీలో వేసి పిలుస్తారు. పేరు వచ్చినవాడు తనకు బదులు మరొకరిని పంపవచ్చు, లేదా 300 డాలర్లు కట్టి తప్పుకోవచ్చు. ఆ మొత్తం కూలి చేసుకునేవాడి ఏడాది సంపాదనకు దరిదాపు కావడంతో, డబ్బుగలవారు మొదలుపెట్టిన యుద్ధంలో బీదవాడు చావాలా అన్న మాట కార్మికవాడల్లో పుట్టింది. న్యూయార్క్ నగరంలో జులై 13 నుంచి నాలుగు రోజులు సాగిన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. దాడిచేసినవారిలో ఐరిష్ వలస కార్మికులు ఎక్కువ. వారి కోపం డ్రాఫ్ట్ కార్యాలయం నుంచి నల్లజాతివారి మీదికి మళ్లి, నల్లజాతి పిల్లల అనాథాశ్రమాన్ని తగలబెట్టేదాకా పోయింది. పడమటి వ్యవసాయ ప్రాంతాల్లో కారణాలు వేరు. ఒహాయో, ఇండియానా, ఇల్లినాయ్ రాష్ట్రాల దక్షిణ జిల్లాల్లో కెంటకీ, వర్జీనియాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలకు ఒహాయో నది అవతలి గట్టున బంధువులున్నారు. మిసిసిపీ నది వర్తకం ఆగిపోయి, దిగుమతి సుంకాలూ బంగారం దన్ను లేని కొత్త కాగితపు డాలర్లూ ఆదాయపు పన్నూ ఒకదాని వెంట ఒకటి వచ్చిపడ్డాయి. శాంతి కోరే డెమొక్రాట్లను రిపబ్లికన్లు విషసర్పం పేరుతో కాపర్‌హెడ్లని తిట్టింది ఎక్కువగా ఇక్కడివారినే.

లింకన్‌కు రెండో వైపు నుంచి ఎదురైన విమర్శ ఇంతకు తీసిపోనిది. సొంత పార్టీలోని రాడికల్ రిపబ్లికన్లు ఆయనను జాప్యం చేసేవాడిగా చూశారు. 1861 ఆగస్టులో జనరల్ జాన్ ఫ్రెమాంట్ మిజోరీలో తిరుగుబాటుదారుల బానిసలను విడిపిస్తూ ఇచ్చిన ఉత్తర్వును కెంటకీ చేజారిపోతుందన్న భయంతో లింకన్ సవరించడం వారి మనసులో ముల్లులా ఉండిపోయింది. 1863 డిసెంబరులో, 1860 నాటి ఓటర్లలో పదోవంతు విధేయత ప్రమాణం చేస్తే చాలు, విడిపోయిన రాష్ట్రం మళ్లీ ప్రభుత్వం ఏర్పరచుకోవచ్చునని ఆయన ప్రకటిస్తే, సగంమంది ప్రమాణం చేయాలంటూ కాంగ్రెసు వేడ్–డేవిస్ బిల్లు ఆమోదించింది. సమావేశాలు ముగిసేదాకా సంతకం చేయకుండా జేబులో పెట్టుకుని బిల్లును చంపే పాకెట్ వీటో పద్ధతిలో లింకన్ దాన్ని ఆపాడు. ఆ తర్వాత బిల్లు తెచ్చిన వేడ్, డేవిస్ అనే ఇద్దరు రిపబ్లికన్ నాయకులూ ఆయన కాంగ్రెసు అధికారాన్ని కబళిస్తున్నాడని పత్రికల్లో ప్రకటన వేశారు. ప్రతిపక్షం నియంత అన్నవాడిని స్వపక్షమే, పూర్తిగా వేరే కారణంతో, అదే మాట అన్నది.

1864 మే, జూన్ నెలల్లో వర్జీనియాలో సమాఖ్య సేనాపతి గ్రాంట్ సైన్యం సుమారు 55,000 మందిని నష్టపోయి కూడా దక్షిణాది రాజధాని రిచ్‌మండ్ చేరలేదు. ఆగస్టు 23న లింకన్ తాను ఓడిపోవచ్చునని, ఓడితే కొత్త అధ్యక్షుడు పదవి చేపట్టేలోగా సమాఖ్యను కాపాడటానికి అతనికి సహకరించాలని ఒక కాగితం మీద రాసి, మంత్రులకు చూపకుండా మడిచి వారిచేత దాని వెనుక సంతకాలు చేయించాడు. డెమొక్రాట్లు షికాగోలో యుద్ధం విఫలమైందని చాటే ప్రణాళికను, యుద్ధం చేసిన జనరల్ మెక్లెలన్ అభ్యర్థిత్వాన్ని ఒకే వేదిక మీదికి చేర్చి తమను తామే ఇరుకున పెట్టుకున్నారు. సెప్టెంబరు 2న దక్షిణాది నగరం అట్లాంటా సమాఖ్య సైన్యం వశం కావడంతో గాలి మళ్లింది. నవంబరు 8న లింకన్‌కు 212 ఎలక్టోరల్ ఓట్లు, మెక్లెలన్‌కు 21 వచ్చాయి. ఓటు లెక్క ఇంత ఏకపక్షం కాదు: 55 శాతం ఒకవైపు, 45 శాతం మరోవైపు, న్యూయార్క్ రాష్ట్రంలో తేడా ఏడు వేల లోపే. విడిగా లెక్కించిన సైనికుల ఓట్లలో మాత్రం ప్రతి నాలుగింటిలో మూడుకు పైగా లింకన్‌కు పడ్డాయి, తమ పాత సేనాపతి ఎదుట నిలిచినా సరే.

1865 ఏప్రిల్‌లో జరిగిన లింకన్ హత్య ఈ చీలికను చెరపలేదు, కప్పివేసింది. నిరుడు ఆయనను ఎద్దేవా చేసిన పత్రికలు నల్ల అంచులతో వెలువడ్డాయి. సర్వోన్నత న్యాయస్థానం మాత్రం 1866లో మిలిగన్ కేసులో, పౌర న్యాయస్థానాలు పనిచేస్తున్న చోట పౌరులను సైనిక విచారణకు గురిచేయడం చెల్లదని తేల్చింది. ఆ తీర్పు రాసిన డేవిడ్ డేవిస్ లింకన్‌కు ఆప్తమిత్రుడు, 1860లో ఆయన అభ్యర్థిత్వాన్ని నెగ్గించినవాడు. 1876 ఏప్రిల్ 14న వాషింగ్టన్‌లో లింకన్ విగ్రహం ఎదుట మాట్లాడిన ఫ్రెడరిక్ డగ్లస్, నిర్మూలనవాది కొలమానంతో చూస్తే ఆయన మందగమనుడనీ, తాను నడిపించవలసిన జనం మనోభావంతో కొలిస్తే వేగవంతుడనీ ఒకే ప్రసంగంలో చెప్పాడు. బానిసత్వంలో పుట్టి, యుద్ధమంతటా లింకన్‌ను విమర్శించి, ఆయనను కలిసి మాట్లాడిన మనిషి ఇచ్చిన ఈ అంచనాను మించినది తర్వాతి గ్రంథాల్లో అరుదు.

1864లో మెక్లెలన్ గెలిచినవి కెంటకీ, డెలావేర్, న్యూజెర్సీ అనే మూడు రాష్ట్రాలు. బానిసత్వాన్ని రద్దుచేసే పదమూడో రాజ్యాంగ సవరణ మరుసటి సంవత్సరం రాష్ట్రాల ముందుకు వచ్చినప్పుడు, సమాఖ్యలో నిలిచిన రాష్ట్రాల్లో దాన్ని తిరస్కరించినవి కూడా ఈ మూడే. న్యూజెర్సీ 1866లో మనసు మార్చుకుంది, డెలావేర్ 1901లో. లింకన్ పుట్టిన కెంటకీ శాసనసభ ఆ సవరణకు ఆమోదం తెలిపింది 1976లో.