తలంబ్రాల చెట్టు కథ

పేరు వింటేనే పెళ్ళిపందిరి కళ్ళముందు కదులుతుంది. తలంబ్రాల చెట్టు! గుత్తి మధ్యలో పసుపుపచ్చ పూలు, చుట్టూ గులాబీరంగువి. కొన్నిటికి పసుపూ ఎరుపూ. దోసిట్లోకి రాల్చుకుంటే అచ్చం తలంబ్రాలే. ఇంత ముద్దుపేరు పెట్టుకున్న చెట్టుకే మనవాళ్ళు పులికంప అని ఇంకో పేరూ పెట్టారు. మొదటి పేరు దూరంనుంచి చూసినవాళ్ళదీ, రెండోది కొడవలి పట్టుకుని దాని మధ్య దూరినవాళ్ళదీ అయివుంటుందని నా అనుమానం. నర్సరీలో అడిగితే లాంటానా అంటారు.

మా సోమందేపల్లిలో కొత్తగా కట్టిన ఇళ్ళముందు ఈ మధ్య ఇది బాగా కనిపిస్తోంది. బెంగుళూరు వెళ్ళొచ్చేవాళ్ళు కుండీతో సహా తెచ్చుకుంటున్నారు. నీళ్ళు అడగదు, ఎండకి వాడదు, మేక ముట్టదు, ఏడాది పొడుగునా పూస్తుంది. వానల కోసం ఆకాశంకేసి చూసే మా సీమలో ఆడవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి? రెండువందల ఏళ్ళ కిందట దొరలూ సరిగ్గా ఇలాగే అనుకున్నారు.

దీని పుట్టిల్లు అమెరికా ఖండంలోని వెచ్చటి సీమలు. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళు బ్రెజిల్ నుంచి తమ దేశానికి పట్టుకుపోయారు. యూరప్ తోటమాలులు ఒక రకాన్ని ఇంకో రకంతో కలిపి కొత్త కొత్త రంగులు పుట్టించారు. అంటే ఇది మన అడవుల్లోకి అడవిమొక్కగా రాలేదు. తోటలో ముస్తాబు చేయించుకుని మరీ వచ్చింది. 1809లో కలకత్తాలోని కంపెనీవారి తోటకి వచ్చిందని ఎక్కువమంది రాస్తారు. అక్కణ్ణించి బంగళాల ముందుకి అందం కోసం, తోటలచుట్టూ కంచె కోసం ఊరూరా వెళ్ళింది.

చారిత్రక నవలలు రాసేవాళ్ళకి ఇక్కడో మాట. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు మా పక్కనున్న పెనుకొండకి రాజధాని మార్చుకున్నారు కదా, ఆ అంతఃపురం తోటలో ఏ రాణిగారి జడలోనూ ఈ పూలు తురమకండి. అప్పటికి మన దేశానికి రానేలేదు!

పరదేశపు మొక్క కాబట్టి తప్పు అనను. మనం గుమ్మానికి కట్టే బంతిపూలూ, రోట్లో నూరే మిరపకాయలూ ఆ ఖండంనుంచి వచ్చినవే. అవి మన చెయ్యి దాటి పోలేదు, అంతే. ఇది దాటిపోయింది. దాటించినవి పిట్టలు. పూలు రాలాక గుత్తిగా పచ్చటి కాయలు పడి, పండి నల్లగా నిగనిగలాడతాయి. గోరింకలూ పిగిలిపిట్టలూ తిని, గింజల్ని ఎక్కడ వాలితే అక్కడ రాలుస్తాయి. 1921లో హవాయి దీవులనుంచి ఈ కాయల్లో పెరిగే ఒక ఈగని తెప్పించి వదిలారు. ఈగ స్థిరపడింది, చెట్టు మాత్రం తొణకలేదు. 2020లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం మన దేశంలో సుమారు 1,54,000 చదరపు కిలోమీటర్ల అడవిని ఇది ఆక్రమించింది. దాని నీడన గడ్డి సరిగ్గా మొలవదు.

అడవి సంగతి మనకెందుకు అనుకోకండి. మా పక్క గొర్రెలూ మేకలూ లేని ఊరు లేదు. మామూలు రోజుల్లో జీవాలు ఈ ఆకు వాసనకే తల తిప్పుకుంటాయి. కరువొచ్చి బీళ్ళు ఎండినప్పుడు పచ్చగా మిగిలేది ఇదే. ఆకలికి తింటాయి. అందులోని విషం కాలేజాన్ని దెబ్బతీస్తుంది. కామెర్లు వస్తాయి, ఎండ తగిలిన చోట చర్మం పుండ్లు పడుతుంది. నాలుగు గొర్రెలే ఆస్తిగా బతికే మనిషికి అందులో రెండు పోతే ఏమవుతుందో వేరే చెప్పాలా? గొర్రెలు కాచే ఒక పెద్దాయన మా వీధిలో ఒక ఇంటి ముందు ఆగి, "ఇంత సక్కని ఇల్లు కట్టుకోని దీన్ని సాకుతాండారేమ్మా?" అన్నాడు. ఆ ఇల్లాలు నా వంక చూసింది.

మీ పెరట్లో ఉన్నది ఇదేనా అని తేల్చుకోవడం సులువు. కాడ గుండ్రంగా కాక పలకలుగా ఉంటుంది, దానిమీద వెనక్కి వంగిన చిన్న ముళ్ళు. ఆకులు ఎదురెదురుగా పుడతాయి, అంచున రంపప్పళ్ళు, తడిమితే గరుకు, నలిపితే ఘాటైన వాసన. పూవు విచ్చినప్పుడు పసుపుపచ్చ, ముదిరేకొద్దీ రంగు మారుతుంది. అందుకే ఒకే గుత్తిలో రెండు రంగులు. నేలమీద పాకుతూ ఊదారంగు పూలే పూసే చెల్లెలు ఒకటుంది, దాన్ని చూసి కంగారుపడకండి.

ఉంచుకోవాలనే ముచ్చట గట్టిగా ఉంటే కుండీలోనే ఉంచి, పూలు వాడగానే గుత్తులు తుంచెయ్యండి. కాయ నల్లబడనివ్వొద్దు. పెరట్లో పాతుకుపోయిందంటే పైన నరికి లాభం లేదు, నరికినకొద్దీ గుబురుగా లేస్తుంది. కాయలు పడకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని, మట్టి కాస్త తీసి, మొదటికి రెండు మూడు అంగుళాల కింద వేరుని తెగ్గొట్టండి. పెకలించినదాన్ని తలకిందులుగా, వేళ్ళు ఎండకి ఉండేట్టు పెట్టండి. మట్టి తగిలితే మళ్ళీ నాటుకుంటుంది. పశువులకి అందేచోట పడెయ్యకండి. మరుసటి వానలకి వేపచెట్టు కింద, గోడవార, పిట్టలు వాలే చోట్ల వెతికి చూడండి. రెండాకుల పిల్లగా ఉన్నప్పుడు రెండువేళ్ళతో వచ్చేస్తుంది.