పాల బిల్లు, పొదుపు పైసలు

దేశంలో ఐసీడీఎస్ 1975 అక్టోబరు 2న మొదలైంది. మన దిక్కు అంగన్వాడీల పాల లెక్క పెరిగింది మాత్రం 2015 జనవరి 1న ఆరోగ్యలక్ష్మి వచ్చినంకనే. అప్పుడు మేడ్చల్, శామీర్‌పేట రంగారెడ్డి జిల్లాలోనే ఉండె. గర్భిణులకు, బాలింతలకు ఒక పూట భోజనం, గుడ్డు, నెలకు 25 రోజులు 200 మిల్లీలీటర్ల పాలు. ఒక్కరికి నెలకు 5 లీటర్లు. ఇరవై మంది ఉంటే 100 లీటర్లు.

పాలాయన పైసల కోసం ఎన్నడని ఆగుతడు, బర్రెకు దాణా పెట్టాలె గదా! బిల్లు మాత్రం ఎప్పుడో వచ్చేది. మా సంఘంలో ఉన్న అంగన్వాడీ టీచరు మొదట ఉద్దెర తెచ్చింది. అది పెరిగితే మా పొదుపులోంచి రూపాయి మిత్తికి అప్పు తీసుకుంది. చివరికి పాల ధర వచ్చింది, మిత్తి రాలేదు. బిల్లులో మిత్తి రాసే గడి లేదు. తన గౌరవ వేతనంలోంచే కట్టింది.

రెండోసారి మిత్తి లేకుండ ఇద్దామని తీర్మానం రాసినం. "సర్కారు పనికి మన పైసలెందుకు?" అని కొందరు గట్టిగ అడిగిన్రు. ఆ మాట తప్పు కాదు. కానీ ఆ పాలు తాగేది మన కోడళ్లు, బిడ్డలే.

తర్వాత విజయ టెట్రా పాకెట్లు సెంటర్లకు వచ్చినయి, పాలాయన పద్దు మూసేసినం. తీర్మానం మాత్రం పుస్తకంలో అట్లనే ఉన్నది. ఇప్పుడు కూరగాయల బిల్లు ఆలస్యమైతే అదే పేజీ తీసి చూపిస్తరు.