మిరామరే కోట: బండరాళ్ల మీద తోట

విద్యార్థులారా! ఇటలీ కోట అనగానే అగడ్తలు, బురుజులు మీ మనసులో మెదలవచ్చు. ట్రియెస్టే సమీపంలో, ఏడ్రియాటిక్ సముద్రంలోకి చొచ్చుకొని ఉన్న మిరామరే అటువంటిది కాదు. దానిని రక్షణ కోసం కట్టలేదు. 1856లో పని మొదలైనప్పుడు ఆ ప్రాంతం ఇటలీలోనూ లేదు. ట్రియెస్టే అప్పుడు ఆస్ట్రియా సామ్రాజ్యపు ప్రధాన ఓడరేవు. ఈ సంగతి మరిస్తే తక్కిన కథ అర్థం కాదు.

కట్టించినవాడు చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ తమ్ముడు, నౌకాదళాధిపతి మాక్సిమిలియన్. వాస్తుశిల్పి కార్ల్ యుంకర్. 1860 చివర మాక్సిమిలియన్, భార్య షార్లెట్ కింది అంతస్తులో కాపురం పెట్టారు. పై అంతస్తు ఆయన బతికుండగా పూర్తికాలేదు. తన గదిని మాత్రం నొవారా అనే యుద్ధనౌకలోని గదిని పోలినట్లు చేయించుకున్నాడు.

నా దృష్టిలో కోటకన్నా తోటే ఎక్కువ చెబుతుంది. దాని వైశాల్యం సుమారు 22 హెక్టార్లు, అంటే 54 ఎకరాలు. నేడు అందులో కొంత భాగం సహజమైన అడవిలా తోస్తుంది. నిజానికి అది దాదాపు బోడిగా ఉన్న సున్నపురాతి నేల. చెట్లే కాదు, మట్టిని కూడా స్టిరియా, కారింథియా ప్రాంతాల నుంచి తెప్పించారు. తోట పనిని మొదట యోసెఫ్ లౌబే, తరువాత ఆంటోన్ యెలినెక్ చూశారు. యెలినెక్ 1857-59లో నొవారా చేసిన భూప్రదక్షిణలో పాల్గొన్నవాడు. ఆ యాత్రలో ఓడ 1858లో మన మద్రాసులోనూ ఆగింది. కోట కథ చెప్పేవారు వీరి పేర్లు చెబుతారు. మట్టి మోసినవారి ఊసెత్తరు.

1864 ఏప్రిల్ 10న మెక్సికో ప్రతినిధివర్గం ఇచ్చిన కిరీటాన్ని మాక్సిమిలియన్ ఇక్కడే అంగీకరించాడు. నాలుగు రోజులకు నొవారా ఎక్కాడు. ఆ సింహాసనాన్ని నిలబెట్టింది మెక్సికో ప్రజలు కాదు, మూడవ నెపోలియన్ పంపిన ఫ్రెంచి సైన్యం. అది వెనుదిరిగాక హువారెజ్ పక్షపు రిపబ్లికన్లు ఆయనను పట్టుకొని, 1867 జూన్ 19న కెరెతారోలో కాల్చిచంపారు. సహాయం అర్థించడానికి 1866లో ఐరోపా వచ్చిన షార్లెట్ మతిస్థిమితం కోల్పోయింది. కొన్నాళ్లు ఆమెను ఈ తోటలోని చిన్న భవనంలోనే ఉంచారు. భర్త మృతదేహాన్ని తిరిగి తెచ్చిందీ నొవారాయే.

ఈ కోటలో నిద్రించినవారు పరదేశంలో చస్తారని ఒక నమ్మకం ఉంది. 1930లలో ఇక్కడ నివసించిన ఆవోస్టా డ్యూక్ అమెదేయో 1942లో నైరోబీలో యుద్ధఖైదీగా మరణించడం దానికి బలమిచ్చింది. ఇక్కడ పడుకొని, సొంత ఇంట్లో ముసలితనంలో పోయినవారిని మాత్రం ఎవరూ లెక్కపెట్టినట్లు లేదు! 1955 నుంచి కోట మ్యూజియంగా ఉంది.

తరువాతి భాగానికి వెళ్లే ముందు పటంలో వెనిస్‌ను, ట్రియెస్టేను గుర్తించండి. వెనిస్ 1866లో ఇటలీలో చేరింది. ట్రియెస్టే మొదటి ప్రపంచయుద్ధం ముగిసేదాకా ఆస్ట్రియా చేతిలోనే ఉంది.