శిస్తు కట్టే నౌరూజ్

పారశీక కొత్త సంవత్సరం నౌరూజ్ అనగానే గోధుమ మొలకలు, ‘స’కారపు ఏడు వస్తువులే చెబుతారు. నాకు ముందు గుర్తొచ్చేది రైతు. పాత పారశీక పంచాంగంలో ఏడాదికి 365 రోజులే. లీపు దినం లేక పండుగ నాలుగేళ్లకో రోజు ముందే వచ్చేసేది. భూమి శిస్తు వసూలు మొదలయ్యేదీ ఆ పండుగ రోజునే! తొమ్మిదో శతాబ్దానికల్లా చేలో పైరు పచ్చగా ఉండగానే అధికారులు గుమ్మంలో నిలబడేవారు. పండని పంటకు పన్నేమిటి? అప్పు చేయక తప్పేది కాదు. చివరికి 895లో ఖలీఫా ముతదిద్ వసూలును జూన్ 11కు జరిపాడు. ఎంత ఊరటో ఆ పల్లెలకు!

1079లో సుల్తాన్ మాలిక్‌షా ఖగోళవేత్తలు పండుగనే వసంత విషువత్తుకు కట్టేశారు. వారిలో ఉమర్ ఖయ్యాం ఒకడు. అతని రుబాయీ పద్యాల మాటున ఈ పనిని మరిచిపోవడం నాకు బాధే. నేటికీ ఇరాన్‌లో సూర్యుడు విషువత్తును దాటే క్షణమే కొత్త సంవత్సరం. ఏటా దాదాపు ఆరు గంటల తేడాతో వచ్చే ఆ ఘడియ కోసం తెల్లవారుజాము మూడింటికైనా ఇంటిల్లిపాదీ లేచి కూర్చుంటారు.