జాన్ పి. మెకిన్‌టాష్

జాన్ పి. మెకిన్‌టాష్ (24 ఆగస్టు 1929 – 30 జులై 1978) స్కాట్లాండ్‌కు చెందిన రాజనీతిశాస్త్ర ఆచార్యుడు, లేబర్ పార్టీ నాయకుడు. బ్రిటిష్ కామన్స్ సభలో బెరిక్ అండ్ ఈస్ట్ లోథియన్ నియోజకవర్గానికి ప్రాతినిధ్యం వహించారు. మంత్రి పదవి ఏనాడూ చేపట్టకపోయినా, స్కాట్లాండ్‌కు సొంత శాసనసభ ఉండాలన్న వాదానికి లేబర్ పార్టీలో గట్టి పునాది వేసినవారిలో ఆయన ముఖ్యులు.

విద్య, అధ్యాపకత్వం

మెకిన్‌టాష్ భారతదేశంలోని సిమ్లాలో జన్మించారు. ఎడిన్‌బరో, ఆక్స్‌ఫర్డ్, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయాల్లో చదివారు. గ్లాస్గో, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయాల్లో బోధించాక 1961లో నైజీరియాలోని ఇబాదాన్ వెళ్లారు. కొత్తగా స్వాతంత్ర్యం పొంది, సమాఖ్యగా ఏర్పడిన ఆ దేశంలో రెండేళ్లు ఉన్నారు. ఆ అనుభవం నైజీరియా ప్రభుత్వ వ్యవస్థపై 1966లో వెలువడిన గ్రంథానికి దారితీసింది. స్వదేశం తిరిగొచ్చాక గ్లాస్గోలో కొంతకాలం పనిచేసి, 1965లో స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి చేపట్టారు.

రచనలు

1962లో వెలువడిన ‘ది బ్రిటిష్ కేబినెట్’ ఆయనకు పేరు తెచ్చింది. మంత్రివర్గం సమష్టిగా పాలిస్తోందన్న సంప్రదాయ వివరణ వాస్తవానికి దూరమైందని, అధికారం ప్రధానమంత్రి చేతుల్లో పోగుపడుతోందని అందులో వాదించారు. బ్రిటన్‌లో ఆ తర్వాత ఏళ్లపాటు సాగిన ‘ప్రధాని పాలన’ చర్చకు ఈ పుస్తకం ఒక మూలం.

అధికారం ఒకచోట పోగుపడుతోందని గుర్తించిన పరిశోధకుడు దాన్ని పంచే మార్గాలనూ వెతికారు. 1968లో ప్రచురించిన ‘ది డెవల్యూషన్ ఆఫ్ పవర్’ ఆ అన్వేషణ ఫలితమే. స్కాట్లాండ్, వేల్స్‌లతోపాటు ఇంగ్లండ్ ప్రాంతాలకు కూడా ఎన్నికైన సభలు ఉండాలని ఇందులో ప్రతిపాదించారు. స్కాట్లాండ్ ప్రజలు తమను స్కాట్‌లుగానూ బ్రిటిష్ పౌరులుగానూ భావించుకుంటారని, ఆ రెండు అస్తిత్వాలకూ చోటిచ్చే ఏర్పాటే నిలుస్తుందని ఆయన నమ్మకం. అందుకే ఆయన స్వతంత్ర దేశాన్ని కోరలేదు. లండన్ పెత్తనం యథాతథంగా సాగడాన్నీ సమర్థించలేదు.

పార్లమెంటులో

1959లో ఎడిన్‌బరో పెంట్‌లండ్స్‌లో, 1964లో బెరిక్ అండ్ ఈస్ట్ లోథియన్‌లో పోటీచేసి ఓడిపోయిన మెకిన్‌టాష్ 1966లో గెలిచారు. 1974 ఫిబ్రవరి ఎన్నికల్లో ఓడినా, అదే ఏడాది అక్టోబరులో జరిగిన ఎన్నికల్లో తిరిగి నెగ్గారు. ప్రభుత్వాన్ని నిశితంగా పరిశీలించే సెలెక్ట్ కమిటీలు బలపడాలని సభ లోపలా బయటా వాదించారు.

పార్టీ విధేయత కన్నా సొంత నిర్ణయానికే ఆయన విలువిచ్చేవారు. 1971లో పార్టీ నాయకత్వాన్ని కాదని, యూరోపియన్ ఆర్థిక సమాజంలో బ్రిటన్ చేరికకు అనుకూలంగా ఓటేశారు. 1976 నవంబరులో రేవు కార్మికుల బిల్లుపై తోటి లేబర్ సభ్యుడు బ్రయాన్ వాల్డెన్‌తో పాటు ఓటింగుకు దూరంగా ఉన్నారు. దాంతో సొంత ప్రభుత్వమే ఓటమి చవిచూసింది. 1977లో పార్లమెంటు సభ్యుడిగా ఉంటూనే ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్ర ఆచార్యుడయ్యారు.

మరణం, ప్రభావం

మెకిన్‌టాష్ 48 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన మరణించిన మరునాడే, 1978 జులై 31న, స్కాట్లాండ్‌కు శాసనసభను ప్రతిపాదించిన చట్టం రాజామోదం పొందింది. అయితే 1979 మార్చి 1 నాటి ప్రజాభిప్రాయ సేకరణలో పోలైన ఓట్లలో 51.6 శాతం అనుకూలంగా వచ్చినా, మొత్తం ఓటర్లలో 40 శాతం మద్దతు ఉండాలన్న షరతు నెరవేరలేదు. చట్టం రద్దయింది. ఆయన కోరిన తరహా శాఖలవారీ సెలెక్ట్ కమిటీలు మాత్రం అదే ఏడాది కామన్స్ సభలో ఏర్పడ్డాయి. 1982లో ఆయన వ్యాసాలు రెండు సంపుటాలుగా వెలువడ్డాయి.

1997 ప్రజాభిప్రాయ సేకరణలో 74.3 శాతం మంది స్కాట్లాండ్ పార్లమెంటును కోరుకున్నారు. 1999 జులై 1న ఆ పార్లమెంటు తన అధికారాలను చేపట్టింది. స్కాట్లాండ్ ప్రజలు కోరుకునే స్వపాలనకు తగిన సంస్థలను రూపొందించడం మానవ మేధకు అసాధ్యం కాదని మెకిన్‌టాష్ 1976లో కామన్స్ సభలో అన్న మాటలను ఎడిన్‌బరోలోని ఆ పార్లమెంటు భవనంలో చెక్కించారు.