కంపోజిటరు విద్య: సీసము నుండి సంకేతము వఱకు

మాది కడియము. రాజమహేంద్రవరమునకు సమీపమున నున్న ఈ ఊరు పూలమొక్కలకును అంటుమొక్కలకును ప్రసిద్ధి. నేను మాత్రము తోటపనికి పోక, పదునేడవ యేట రాజమహేంద్రవరమున నొక ముద్రణాలయములో కంపోజిటరు పనికి కుదిరితిని. ఆ పనివారి విద్య నాడెట్లుండెను, కంప్యూటరు వచ్చిన పిమ్మట దాని గతి యేమాయెను అను కథను నేడు మీకు మనవి చేసెదను.

1746లో జర్మనీ దేశపు హాలే నగరమున బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకముల నచ్చొత్తించెను. మన గోదావరి తీరమున, 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ‘వివేకవర్ధని’ పత్రికను స్థాపించిరి. అది మొదట మద్రాసులో అచ్చుపడెడిది. తరువాత వారు రాజమహేంద్రవరముననే ముద్రాక్షరశాల నెలకొల్పుకొనిరి. యంత్రమును కొనితెచ్చుట ఒక పని. దానికి మనుష్యులను తయారుచేయుట మఱొక పని. ఈ రెండవ పనియే ప్రతి తరమునకును కష్టమైనది.

నా కాలమున తెలుగు కేసులో గుణింతములు, ఒత్తులు కలిపి కొన్నివందల గళ్ళుండెడివి. ఏ గడిలో ఏ అచ్చున్నదో కన్ను చూడకయే చేయి పోవలెను. ప్రూఫు దిద్దునపుడు ఒకరు వ్రాతప్రతిని పైకి చదువుచుండగా మఱొకరు సరిచూచెడివారు. మా ఫోర్‌మన్‌గారు “అబ్బాయీ, చేతికి ముందు చెవి నేర్వవలెనురా!” అనెడివారు. ‘శాస్త్రము’ అను మాటలో స, త, ర ఒకదాని వెంట నొకటి ఎట్లు పలుకునో తెలియనివాడు ఒత్తులు తాఱుమాఱు చేయునని వారి భావము.

1985లో అమెరికాలో ఆల్డస్ సంస్థ ‘పేజ్‌మేకర్’ను వెలువరించెను. పుట యంతయు తెఱమీదనే కూర్చు విధానము 1990 దశాబ్దమున మన అచ్చుకూటములకును వ్యాపించెను. మా యజమాని కంప్యూటరు కొనెను. టైపు నేర్చిన యువకులను పిలిచి, ఏ మీట నొక్కిన ఏ ఆకారము పడునో కొద్దివారములలో నేర్పించెను. ఫోర్‌మన్‌గారికి మాత్రము సెలవిచ్చెను. ఆయనకు నేర్పిచూడవలెనని యెవరికిని తోచలేదు. నేనును నోరెత్తలేదు.

ఆ లోపము ఫలితము తరువాత బయటపడినది. ఆనాటి తెలుగు ఫాంట్లలో పెక్కింటి యందు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తలకట్టు, కొమ్ము, ఒత్తు మున్నగు ముక్కలను పెట్టిరి. యంత్రమునకు తెలిసినది ఆకారమే గాని అక్షరము కాదు. కొన్నేండ్లకు మేము కూర్చిన పుస్తకమొకటి పునర్ముద్రణకు వచ్చినది. పాత ఫాంటు దొరకలేదు. తెఱమీద నర్థములేని ఇంగ్లీషు గుర్తులు తప్ప తెలుగు లేదు. పుస్తక మంతయు మరల కొట్టవలసివచ్చినది.

దీనికి విరుగుడు అప్పటికే యున్నది. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. అందు ‘శాస్త్రము’ తొమ్మిది సంకేతముల వరుస: స, పొల్లు, త, పొల్లు, ర అను క్రమమున ఒత్తులు పలుకుబడి ననుసరించి నిలువయుండును, ఆకారమును తీర్చుట ఫాంటు పని. ఫాంటు మార్చినను మాట చెడదు, వెదకిన దొరకును, అదే ప్రతి కాగితమునకును, తెఱమీది పుస్తకమునకును పనికివచ్చును. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన తెలుగు ఫాంటు పేరు ‘గౌతమి’: మన గోదావరి పాయ పేరే. కాని మీటలు మాత్రమే నేర్చిన మావారికి ఈ మార్పు ఎందులకో తెలియలేదు. పాత అలవాటే చాలకాలము సాగినది.

యూనికోడు కోరు జ్ఞానము ఫోర్‌మన్‌గారు చెప్పిన చెవియే. ఆయనకు మీటలు నేర్పుటకు నెలలు పట్టియుండవచ్చును. ఆయన యెఱిగినది యువకులకు నేర్పుటకు ఏండ్లు పట్టినది. కావున అచ్చుకూటమున క్రొత్త సాధనము పెట్టువారికి నా మనవి యిది: మొదట పాత పనివారిని కూర్చుండబెట్టి నేర్పుడు. పిమ్మట యువకులకు మీటతో పాటు అక్షర స్వభావమును, ప్రతిని భద్రపఱచు పద్ధతిని, ప్రూఫు పైకి చదువు మర్యాదను వారిచేతనే చెప్పింపుడు.

మా కడియపు తోటలలో అంటుకట్టువారు వేరుమొక్కను కోసి పారవేయరు. దానిమీదనే క్రొత్త కొమ్మను నిలుపుదురు. మేము వేరును పారవైచి కొమ్మను నేల గ్రుచ్చితిమి. ఆ తప్పులో నాకును పాలు కలదు గనుకనే ఈ మాట చెప్పుచున్నాను.